తేదీ లేని రాజీనామా

వీరబాబుకు మూడో పిల్ల పుట్టకపోతే జంపక్క ఎంపీటీసీ అయ్యేది కాదు.

ములకలపల్లి దాటి అడవిలోకి తిరిగే మట్టిబాట మీద మద్దులగుంపు అని నలభై ఇళ్ళ కోయ ఊరు. తునికిబండ మండలంలోది. ఆ ఊరూ, గుంపులని పిలిచే చుట్టుపక్కల చిన్న పల్లెలు నాలుగూ కలిపి ఒక ఎంపీటీసీ స్థానం. అయిదేళ్ళుగా అది వీరబాబుది. రెండువేల ఆరు ఎన్నికలకు ఆ స్థానాన్ని గిరిజన మహిళకు కేటాయించారు. వీరబాబు ఒక్క పూట దిగాలుపడి, మర్నాడు భార్య పేరుతో నామినేషన్ వేయించడానికి మండలాఫీసుకు పోయాడు. అక్కడి గుమస్తా తల ఎత్తకుండానే "పిల్లలెంతమంది?" అని అడిగాడు. తొంభై అయిదు తర్వాత మూడో బిడ్డను కన్నవాళ్ళు పోటీకి పనికిరారు. వీరబాబు మూడో బిడ్డకు నాలుగేళ్ళు, అతను మెంబరయ్యాకే పుట్టింది.

అట్లా అతను తమ్ముడు గోపాలు ఇంటికొచ్చాడు. గోపాలు భార్య జంపక్క పత్తి గింజలు నాటి అప్పుడే చేనునుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది.

"మీకిద్దరే గదా," అన్నాడు వీరబాబు గుమ్మంలోనే నిలబడి. "రేపు పొద్దుగాల తయారుగుండు. మండలాఫీసుకు పోవాలె."

"దేనికి బావా?"

"మెంబరుగ నిలబడుతున్నవ్. భయపడకు. తిరిగేది నేను, మాట్లాడేది నేను. నువ్వు దండం పెడితే సాలు."

జంపక్క మొగుడి వైపు చూసింది. గోపాలు పేనుతున్న తాడు మీంచి కళ్ళెత్తలేదు. "అన్న చెప్పిండు గదా," అన్నాడు.

పది రోజులు ఆమె వీరబాబు వెనక నడిచింది. గోడలకు అంటించిన కాగితాల మీద ఆమె బొమ్మకంటే అతని బొమ్మ పెద్దది. ఒక గుంపులో ముసలామె ఒకతె ఆమె చెయ్యి పట్టుకుని, "గెలిచినంక నువ్వొస్తవా, ఆయనొస్తడా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక జంపక్క దండం పెట్టింది. అరవైరెండు ఓట్లతో గెలిచింది.

గెలిచిన మర్నాడే వెంకటప్పయ్య జీపు మద్దులగుంపుకు వచ్చింది. వెంకటప్పయ్యకు మండల కేంద్రంలో ఎరువుల కొట్టు ఉంది. పదిహేనేళ్ళుగా ఆ మండలంలో ఆయన మాటే చెల్లుతోంది. ఏజెన్సీ మండలం కాబట్టి అధ్యక్ష పదవి ఎప్పుడూ గిరిజనులకే. అందులో తాను కూర్చోలేడు గానీ, ఎవరు కూర్చోవాలో చెప్పేది ఆయనే. అంతకుముందు ఓట్లకు వచ్చినప్పుడు జీపు దిగేవాడు కాదు. ఆ రోజు దిగాడు, గోపాలు వేసిన నులకమంచం మీద కూర్చున్నాడు, మంచినీళ్ళు అడిగి తాగాడు.

"ఈసారి మండలాధ్యక్ష పదవి గిరిజన మహిళకొచ్చింది," అన్నాడు. "మన మెంబర్లు అయిదుగురు. అందులో గిరిజన మహిళవు నువ్వొక్కదానివే. అదృష్టమంటే నీదమ్మా."

మండలంలో మొత్తం తొమ్మిది మంది సభ్యులు. వెంకటప్పయ్యతో కలిపి అయిదుగురు ఆయన వైపు, ఎదుటి పార్టీ వాళ్ళు ముగ్గురూ మగవాళ్ళే. తొమ్మిదో మనిషి హేమ్లి, లంబాడీ తండా నుంచి ఏ పార్టీ లేకుండా గెలిచిన ఆమె. ఆమె కూడా గిరిజన మహిళే. ఆ లెక్క జంపక్కకు అప్పుడు పట్టలేదు. వీరబాబు మొహంలో వెలుగు మాత్రం కనపడింది. ఆ పూటే అతను తెల్లచొక్కాలు రెండు కుట్టించుకోవడానికి పోయాడు.

ఎన్నికకు అయిదు రోజులుందనగా వెంకటప్పయ్య వైపు సభ్యులందర్నీ బండెక్కించి సత్తుపల్లి దాపున ఒక పామాయిలు తోటలోని ఇంటికి తీసుకుపోయారు. దాన్ని క్యాంపు అన్నారు. ఎదుటివాళ్ళు వచ్చి ఎవర్నీ లాక్కుపోకుండా గేటుకు లోపలినుంచి తాళం వేశారు. జంపక్క వెంట వీరబాబు వచ్చాడు. మండల కేంద్రం నుంచి గెలిచిన షబ్నమ్ వెంట ఆమె భర్త జావీద్ వచ్చాడు. అతనిది బట్టలు కుట్టే కొట్టు. వెంకటప్పయ్య, ఇంకో ఇద్దరు మగ సభ్యులు ముందుగదిలో టీవీ పెట్టుకుని కూర్చునేవారు. రెండు పూటలా కోడికూర. పని లేకుండా కూర్చోవడం జంపక్కకు చేతకాలేదు. రెండో రోజుకే చీపురు అందుకుని వాకిలి ఊడ్చింది. వాచ్‌మన్ వచ్చి, "ప్రెసిడెంటమ్మవు, నువ్వు ఊడవొద్దు," అని చీపురు తీసుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక వెంకటప్పయ్య ఆమెను పిలిచాడు. టీపాయ్ మీద మూడు కాగితాలున్నాయి. ఒకదాని మీద నాలుగు వరుసలు రాసి ఉంది. మిగతా రెండూ తెల్లకాగితాలు, అడుగున పెన్సిలుతో చిన్న గీత గీసి ఉంది.

"ఆ గీతల మీద సంతకం పెట్టమ్మా. రాసిన దాని మీద గూడ."

"ఏందయ్యా ఇది?"

"అందరు పెట్టేదే," అన్నాడు వీరబాబు పక్కనుంచి. "పెట్టు."

జంపక్క రాసిన కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. పెళ్ళయిన కొత్తలో ఊళ్ళో రెండేళ్ళు నడిచిన వయోజన విద్య కేంద్రంలో ఆమె అక్షరాలు నేర్చుకుంది. చదవడం వచ్చని ఎవరికీ చెప్పుకునేంత రాదు, చదవలేననే అంత తక్కువా కాదు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. గదిలో టీవీ గొంతు తగ్గించారు. "రా... జీ... నా... మా." అధ్యక్ష పదవికి. సొంత కారణాల వల్ల. తేదీ దగ్గర ఖాళీ.

"నేనింక కుర్చీల కూసోనే లేదు," అంది. "అప్పుడే దిగినట్టు రాసిండ్రేంది?"

వెంకటప్పయ్య నవ్వాడు. "నమ్మకానికమ్మా. నా బీరువాల ఉంటది. మనం మంచిగున్నన్ని రోజులు అది బయటికి రాదు."

"మరి గీ తెల్లయి?"

"తీర్మానాలకు. సంతకం కావాల్నన్నప్పుడల్లా నువ్వు అడవిల నుంచి ఏం వస్తవ్?"

జంపక్క కాగితం టీపాయ్ మీద పెట్టింది.

పెద్దమ్మ కూతురు ముత్యాలు ఆమె కళ్ళముందు మెదిలింది. ముత్యాలు అంతకుముందు అయిదేళ్ళూ పక్క పంచాయతీకి సర్పంచి. అదీ మహిళా స్థానమే. ఆమె కూడా ఇట్లాగే ఒక తెల్లకాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది. ఏడాది తిరిగాక, ఊరి వేల్పుల గుట్టను రాయి కొట్టుకోవడానికి గ్రామసభ ఒప్పుకుందన్న తీర్మానమై అది బయటికొచ్చింది. గుట్ట సగం పోయింది. ఊరు ఆమెతో మాట్లాడ్డం మానేసింది. భూమి పండగకు అందరి ఇళ్ళకూ గింజలు పంచుతూ పూజారి ఆమె వాకిలి దాటి పోయాడు. ఆ రోజు ముత్యాలు గుంజకు ఆనుకుని నిలబడి, ఏడవకుండా, పూజారి వీపు వైపే చూస్తూ ఉండిపోయింది. జంపక్క అప్పుడు ఆమె పక్కనే ఉంది.

"రేపు చెప్త," అంది జంపక్క, లేచి.

వీరబాబు వెనకాలే వరండాలోకి వచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు గానీ ఒక్కో మాటా పళ్ళ మధ్య నుంచి వచ్చింది. "నీ బదులు నేను మాటిచ్చిన. నిన్ను నిలబెట్టింది నేను. గా కాగితం మీద సంతకం పెట్టకుంట నువ్వు గుంపుకు ఎట్ల వస్తవో నేనూ చూస్త."

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర షబ్నమ్ బట్టలు జాడిస్తోంది. ఇద్దరూ మూడు రోజులుగా ఒకే గదిలో పడుకుంటున్నా పెద్దగా మాట్లాడుకున్నది లేదు. షబ్నమ్ పదో తరగతి పాసయింది. జావీద్ తల ఊపితే చెయ్యెత్తమని ఆమెకు చెప్పి తెచ్చారు.

"అక్కా, పెట్టినవా?" అని అడిగింది.

"లేదు. పెట్టకుంటే వేరేవాళ్ళను కూసోబెడ్తరంట."

షబ్నమ్ చేతిలోని బట్ట పిండుతూ ఆగింది. "ఎవర్ని కూసోబెడ్తరు? నన్నా? నేను గిరిజన కాదు. వెంకటప్పయ్యనా? ఆయన ఆడది కాదు, గిరిజన గూడ కాదు. మన అయిదుగురిల నువ్వు తప్ప ఇంకెవరు పనికిరారక్కా. నువ్వు కాదంటే హేమ్లి ఒక్కతే మిగుల్తది. పోటీ లేకుంటనే ఆమె అధ్యక్షురాలు. నువ్వు వాళ్ళకు ఎంత భయపడుతున్నవో, వాళ్ళు నీకు అంతకంటే ఎక్కువ భయపడుతుండ్రు."

బకెట్టు నిండి నీళ్ళు కారిపోతున్నా జంపక్క చూసుకోలేదు. షబ్నమే కుళాయి కట్టేసింది.

ఆ లెక్క వెంకటప్పయ్యకూ తెలుసు. ఆ మధ్యాహ్నం గోపాలును జీపులో రప్పించాడు. గోపాలు తోట చివర మొక్కల మధ్యకు భార్యను తీసుకుపోయాడు. ఇద్దరూ కోయలో మాట్లాడుకున్నారు.

"పెట్టెయ్యి," అన్నాడు గోపాలు. "ఎడ్లు మా అన్నయి. వానలు పడినయి. ఇయ్యాల అరక ఆపిండు. ఇట్లనే ఉంటే మిగిలిన చేను బీడు పడ్తది."

"ముత్యాలక్క సంగతి నీకు తెల్వదా?"

"తెలుసు. నాకు చేను సంగతి గూడ తెలుసు."

"నేను పెట్ట," అంది. అంత సూటిగా మొగుడికి ఎదురు చెప్పడం ఆమెకు అదే మొదలు. చెప్పాక తన గొంతు తనకే కొత్తగా వినపడింది. గోపాలు కోప్పడలేదు. అంతకంటే కష్టమైన పని చేశాడు. అన్నం తినకుండా, జీపు ఎక్కకుండా, గేటు తీయించుకుని రోడ్డు మీద నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. బస్సు దొరికిందో లేదో కూడా ఆమెకు తెలియలేదు.

చివరి రోజు సాయంత్రం వెంకటప్పయ్య నవ్వడం మానేశాడు.

"హేమ్లితో మాట్లాడిన," అన్నాడు. "ఆమె మూడింటి మీద వేలిముద్ర వేసింది. నీ అవసరం ఇంక లేదు. అయినా మాటిచ్చిన మనిషిని కాబట్టి రేపు ఒంటిగంట దాంక చూస్త. కాగితాలు నా జేబుల ఉంటయి."

హేమ్లి ఒప్పుకుంటే జంపక్క ఎవరికీ అక్కరలేదు. చెయ్యెత్తి ఇంటికి పోవడమే. ఇంటి దగ్గర ఎడ్లు లేవు, బావతో మాటల్లేవు, మొగుడు అన్నం తినకుండా పోయాడు. పెట్టేస్తే ఏమవుతుందని ఆమె మొదటిసారి గట్టిగా ఆలోచించింది.

మర్నాడు చండ్రుగొండ మీదుగా బండి తునికిబండ చేరేసరికి పది దాటింది. మండలాఫీసు చుట్టూ తాడు కట్టి పోలీసులు నిలబడ్డారు. తాడుకు అవతల జనం. ఎదుటి పార్టీ సభ్యుడు చిరంజీవి, అతని వెనక మిగతా ఇద్దరూ అప్పటికే వచ్చి ఉన్నారు. హేమ్లి ఒక్కతే ఆటో దిగింది. నలభై అయిదేళ్ళ మనిషి, చేతులనిండా తెల్లగాజులు, ఎవర్నీ చూడకుండా లోపలికి నడిచింది.

ప్రమాణ స్వీకారాలయ్యాయి. జంపక్క తన కాగితాన్ని తనే చదివింది. మిగతావాళ్ళకంటే మూడింతలు సేపు పట్టింది, ఎన్నికల అధికారి తొందరపెట్టకుండా ఆగాడు. అధ్యక్ష ఎన్నిక ఒంటిగంటకు. మధ్యలో గంట విరామం.

ఆ ఆఫీసులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. వెనకవైపు ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకు పోవాలి. షబ్నమ్ లేచింది, జంపక్క లేచింది, కొంచెం ఆగి హేమ్లి కూడా లేచింది. వీరబాబు, జావీద్ గబగబా వెనక వచ్చారు. బడి గేటు దగ్గర కాపలా ఉండే ఆయా చెయ్యి అడ్డం పెట్టింది. "మగోళ్ళు రావొద్దు. ఆడపిల్లల బడి."

"రెండు నిమిషాలే," అన్నాడు వీరబాబు.

"రెండు నిమిషాలైనా గంతే."

ముగ్గురాడవాళ్ళు లోపలికి పోయారు. నీళ్ళ తొట్టి దగ్గరకు రాగానే హేమ్లి జంపక్క వైపు తిరిగి, తండాలో అక్కచెల్లెళ్ళను పిలిచినట్టు పిలిచింది. "ఏ బాయి, సంతకం పెట్టినవంట గదా."

"నేనా? ఎవరు చెప్పిండ్రు?"

"ఎరువుల కొట్టాయన మనిషి తండాకు వచ్చిండు. ఆమె పెట్టింది, నువ్వు గూడ పెడితే ఇద్దర్ల మంచిగున్నోళ్ళను కూసోబెడ్త అన్నడు. నేను పెట్టలే. నాకు సదువు రాదు గని, తెల్లకాయితం తెల్లగుందని తెలుస్తది."

"నువ్వు వేలిముద్ర వేసినవని నాకు చెప్పిండ్రు," అంది జంపక్క.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గేటు అవతల నుంచి జావీద్ గొంతు "జల్దీ రా" అని వినపడింది. షబ్నమ్ పలకలేదు.

"అయితే నన్ను చెయ్యుండ్రి," అంది హేమ్లి. "అవతల ముగ్గురు నాకు ఎత్తుతమన్నరు. మీరిద్దరు ఎత్తితే అయిపాయె."

నాలుగు రోజుల కిందట అయితే జంపక్క సరేననేది. ఆ పదవి తనకు కావాలని ఆ క్షణానికి ముందు ఆమె ఎవరితోనూ అనలేదు, తనతో తాను కూడా అనుకోలేదు. "నాక్కావాలె," అంది. "నాకు ఎడ్లు పోయినయి, ఇంట్ల మాటలు పోయినయి. ఉత్తగ పోను నేను."

హేమ్లి ఆమెను ఎగాదిగా చూసింది. కోపం వస్తుందనుకుంది జంపక్క. హేమ్లి తొట్టిలో చేతులు ముంచి మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది. "సరే. నువ్వే కూసో. మా తండాకు బోరు లేదు. ముందుగాల మాదే వెయ్యాలె. మాటియ్యి."

"ఇస్తున్న."

తిరిగి వస్తుంటే వరండాలో వెంకటప్పయ్య ఎదురొచ్చాడు. ఒంటిగంటకు పది నిమిషాలుంది. జేబులోంచి కాగితాలు తీసి గోడకు ఆనించి పెన్ను చాచాడు. జంపక్క ఆగి, ఆయన కళ్ళలోకి చూసింది. "హేమ్లి పెట్టలేదంట గదయ్యా," అని లోపలికి నడిచింది. వీరబాబు ఆమె వెంట గుమ్మం దాకా వచ్చాడు. పోలీసు అతన్ని ఆపాడు. "మెంబర్లే."

"ఆమె నా మరదలు."

"మరదలే పోతది. మీరుండుండ్రి."

తలుపు మూశారు. లోపల తొమ్మిది మంది, అధికారి, ఒక గుమస్తా. పైన ఫ్యాను తిరుగుతున్నా అందరి చొక్కాలూ తడిశాయి.

"అధ్యక్ష పదవికి పేరు ప్రతిపాదించండి," అన్నాడు అధికారి.

ఎవరూ కదల్లేదు. వెంకటప్పయ్య కాగితాలు మడిచి పట్టుకుని కూర్చున్నాడు. అవతల చిరంజీవి హేమ్లి వైపు చూస్తున్నాడు. అధికారి గడియారం చూసుకున్నాడు. ఏదో ఒక మూల నుంచి హేమ్లి పేరు వస్తే, హేమ్లి కాదనకపోతే, అక్కడితో అయిపోతుంది. నీళ్ళ తొట్టి దగ్గరి మాట తప్ప జంపక్క చేతిలో ఏమీ లేదు.

షబ్నమ్ లేచింది. అలవాటుగా తలుపు వైపు చూసింది. తలుపు మూసి ఉంది. "జంపక్క పేరు నేను చెప్తున్న," అంది.

"బలపరిచేవాళ్ళు?"

హేమ్లి కూర్చునే చెయ్యెత్తింది, గాజులు మోచేతిదాకా జారాయి. "నేను."

చిరంజీవి ముందు తెల్లబోయాడు. తర్వాత పక్కవాళ్ళిద్దరి చెవుల్లో ఏదో చెప్పాడు. వాళ్ళ చేతులు బల్ల మీంచి కదలడం వెంకటప్పయ్య చూశాడు. వాళ్ళ ముగ్గురి చేతులూ లేస్తే జంపక్క వాళ్ళ అధ్యక్షురాలవుతుంది. ఆయన మొహం మీద చెమట గడ్డం దాకా కారింది. అధికారి "చేతులెత్తండి" అనేలోపే కాగితాలు జేబులో కుక్కుకుని అందరికంటే ముందు చెయ్యెత్తాడు. ఆయన వెనక మిగతావాళ్ళూ ఎత్తారు. మర్నాడు పేపర్లో, వెంకటప్పయ్య వర్గం ఏకగ్రీవంగా గెలిచిందని రాశారు.

తర్వాతి రోజులు సుఖంగా ఏమీ గడవలేదు. వీరబాబు ఎడ్లు ఇవ్వలేదు. ఆ ఏడు గోపాలు ట్రాక్టరు కిరాయికి తెచ్చి దున్నాడు, కొంత చేను బీడుపడింది కూడా. ఫైళ్ళు ఆరు నెలలపాటు వీరబాబు ఇంటికే పోయేవి. జంపక్క ఆఫీసులో వాటి కోసం కూర్చునేది. చివరికి అక్కడివాళ్ళే తిరగలేక ఆమె బల్ల మీద పెట్టడం మొదలుపెట్టారు. ప్రతి కాగితమూ తనే చదివేది. ఆమె దగ్గర కాగితం కదలదని జనం విసుక్కున్నారు. అందులో నిజం లేకపోలేదు. సోమవారాలు షబ్నమ్ వచ్చి పక్కన కూర్చునేది. జావీద్ మొదట్లో గొణిగాడు, తర్వాత దిగబెట్టి పోవడం మొదలుపెట్టాడు.

హేమ్లికిచ్చిన మాట మాత్రం రెండేళ్ళకు గానీ తీరలేదు. తండా పట్టా భూమిలో లేదని అటవీశాఖ బోరు బండిని ఆపింది. హేమ్లి నిండు మీటింగులో లేచి, నువ్వూ అట్లాంటిదానివేనని జంపక్కను కడిగేసింది. జంపక్క కూడా ఊరుకోలేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. మగ సభ్యులు చూస్తూ ఉండిపోయారు. బయటికొచ్చాక షబ్నమ్, "ఇంతకుముందు అధ్యక్షులతోని గిట్ల ఎవరూ కొట్లాడలేదు, కొట్లాడినా లాభం లేకుండె," అంది. జంపక్క ఆ రోజు ఆ మాట వినే స్థితిలో లేదు. ఇంటికి పోయి ఏడ్చింది. ఏడాదిపాటు హేమ్లి ఆమెతో మాట్లాడలేదు. బోరు పడ్డాక కూడా ముక్తసరిగానే మాట్లాడేది.

గోపాలు కోపం ఎప్పుడు పోయిందో జంపక్కకే తెలియదు. మీటింగు రోజుల్లో ఆమె ఆఖరి బస్సు దిగి అడవి బాటన నడిచొచ్చేసరికి అతను అన్నం వండి ఉంచేవాడు. మొదట్లో అడుగంటేది, తర్వాత కుదిరింది. తినేటప్పుడు, ఇయ్యాల ఎవరేమన్నారని కోయలో అడిగేవాడు. ఆమె చెప్పేది. ఒక్కోసారి మధ్యలో ఆపి, "నువ్వేమన్నవ్?" అని అడిగేవాడు.